ఖాళీ గడికీ చోటుండాలి

వార్షికోత్సవ సంచికలో కవితలు, జ్ఞాపకాలు ఎలాగూ వస్తాయి. నేను చదివిన దాంట్లోంచి నలుగురికీ పనికొచ్చే విషయం ఒకటి రాద్దామనిపించింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. ఈమధ్యనే ఎం.సి.ఏ. పూర్తి చేశాను. కంప్యూటర్ నల్ల తెర చూడగానే బెదిరిపోయే తమ్ముళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ఏ జాబితా అయినా కంప్యూటర్‌కు అక్షరాల వరుసే. పేరు, ఊరు, ఖాతా నంబరు – వీటి మధ్య కామానో, కోలనో, ట్యాబో గోడలా నిలబడుతుంది. లైనక్స్‌లో వాడుకదారుల వివరాలుండే 'పాస్‌డబ్ల్యుడి' అనే ఫైలు చూడండి. ఒక్కో లైనులో ఏడు గడులు, మధ్యలో కోలన్లు. ఆ గోడల దగ్గర లైనును విడగొట్టి ఒక్కో ముక్కను ఒక్కో వేరియబుల్‌లో పెట్టాలి. వేరియబుల్ అంటే మన ట్రంకు పెట్టె లాంటిదే. పైన పేరు రాసి ఉంటుంది, లోపల సామాను ఉంటుంది.

ఈ పనికి 'బాష్' అనే షెల్ ఉంది. బ్రయాన్ ఫాక్స్ రాయగా 1989లో విడుదలైంది, ఉచితం. అందులో 'రీడ్' అనే కమాండు లైనును చదివి పెట్టెల్లో సర్దుతుంది. ఎక్కడ విడగొట్టాలో చెప్పేది ఐ.ఎఫ్.ఎస్. గ్రూప్స్‌కు చదివేవాళ్ళు ఫారెస్ట్ సర్వీసు అనుకునేరు! గడులను వేరుచేసే గుర్తు అని దాని అర్థం. మనం ఏమీ చెప్పకపోతే స్పేస్, ట్యాబ్, కొత్త లైను దగ్గర విడగొడుతుంది. రీడ్‌కు ముందు అదే లైనులో ఐ.ఎఫ్.ఎస్.కు కామా ఇస్తే ఆ మార్పు ఆ ఒక్క కమాండుకే పరిమితం. రీడ్ పక్కన 'మైనస్ ఆర్' కూడా పెట్టండి. లేకపోతే బ్యాక్‌స్లాష్ గుర్తులను మింగేస్తుంది.

ముక్కలు ఎక్కువై పెట్టెలు తక్కువైతే మిగిలిందంతా చివరి పెట్టెలోకి పోతుంది. మన పేర్లకు ఇది బాగా కుదురుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారి పేరును స్పేస్ దగ్గర విడగొట్టి 'ఇంటిపేరు', 'పేరు' అనే రెండు పెట్టెలకిస్తే, మొదటి దాంట్లో కందుకూరి, రెండో దాంట్లో వీరేశలింగం పంతులు చక్కగా కూర్చుంటాయి. అదే భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్ గారి పేరు ఇస్తే భీమ్‌రావ్ ఇంటిపేరైపోతుంది! అందరి పేర్లూ ఒకే తీరున ఉంటాయనుకోకూడదు.

అసలు సంగతి ఖాళీ గడి దగ్గర ఉంది. రెండు కామాల మధ్య ఏమీ లేకపోతే రీడ్ ఆ పెట్టెను ఖాళీగానే ఉంచుతుంది. ట్యాబ్‌తో అలా కాదు. పక్కపక్కన ఎన్ని ట్యాబులున్నా ఒకే గోడ కింద లెక్కేస్తుంది. ఖాళీ గడి మాయమై, వెనకవన్నీ ఒక అడుగు ముందుకు జరుగుతాయి.

అలా జరిగితే ఏమవుతుందో నేను అనుభవించాను. మా ఊరికి ఆధార్ రాకముందే మా నాన్న పోయాడు. డిగ్రీ రెండో ఏడాదిలో మా గదిలో అందరికీ స్కాలర్‌షిప్ పడింది, నాకు పడలేదు. ఒక ఆఫీసులో జాబితా తీసి చూపించారు. తండ్రి ఆధార్ గడిలో నా ఖాతా నంబరు, ఖాతా గడిలో నా ఫోన్ నంబరు ఉన్నాయి. "మీ నాన్న ఆధార్ లేదు కదా బాబూ, అందుకే" అన్నారు. మూడు నెలలు తిరిగాను. అమ్మ మేస్త్రీ దగ్గర పత్తి ఏరే కూలి ముందుగా అడిగి తెచ్చి పంపింది. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. పీజీ ల్యాబ్‌లో ఈ ట్యాబ్ సంగతి నేర్చుకున్న రోజున మనసు తేలికపడింది. నాన్న లేకపోవడం తప్పు కాదు. ఖాళీ గడికి చోటు ఉంచని పద్ధతిదే తప్పు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఫైలు చివరి లైను తర్వాత ఎంటర్ లేకపోతే, మామూలు లూప్‌లో ఆ చివరి విద్యార్థి జాబితాలోంచే జారిపోతాడు. అడ్రసులో కామా ఉండి దాన్ని కోట్స్‌లో పెట్టినా, రీడ్‌కు ఆ కోట్స్ అర్థం కావు. అలాంటప్పుడు పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్ వాడండి. పని అయ్యాక ఒక్కో లైనులో ఎన్ని గడులున్నాయో లెక్క చూడండి. అన్నింటికన్నా ముందు, ఖాళీలున్న లైన్లు తీసి కళ్ళతో చూడండి.

తమ్ముళ్ళూ, రేపు మీలో ఎంతోమంది ఆఫీసుల్లో కూర్చుంటారు. పింఛన్ల జాబితాలు, ఫీజుల జాబితాలు మీ చేతికొస్తాయి. తల్లి లేనివాడు, తండ్రి లేనివాడు, ఇంటి నంబరు లేనివాడు అందులో ఉంటారు. వాళ్ళ గడి ఖాళీగా ఉన్నా దాని చోటు దానికి ఉంచండి. నేర్చుకోవాలనుకున్న వాళ్ళు సెలవుల్లో నన్ను కలవండి. పాత కంప్యూటర్ ఒక్కటున్నా చాలు, కూర్చుని చేద్దాం.