అలిపిరి మెట్లు... ఆగిన అడుగు

ఏ ఊరెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. మూత్రం వస్తోందనిపిస్తే ఇక ఆగేది కాదు. ఆ భయంతోనే అలిపిరి నడకదారి ఏళ్లతరబడి వాయిదా వేశాను. "వయసైపోయింది, మామూలే" అన్నారంతా. ఫిజియోథెరపిస్టు మాత్రం, "మూత్రాన్ని ఆపే కండరాలకి బలం తెద్దామమ్మా" అంది. రోజుకి మూడుసార్లు, పదేసి బిగింపులు. మూడు నెలలు చేశాక బయల్దేరాను.

మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాటి జింకల పార్కు దగ్గరకొచ్చేసరికి ఒక్కసారిగా తొందర మొదలైంది. ఇదివరకైతే పరిగెత్తేదాన్ని. ఈసారి నేర్పినట్టే కదలకుండా నిలబడి, ఐదారుసార్లు గబగబా బిగించి వదిలాను. తొందర తగ్గాక మెల్లగా బాత్రూమ్‌కి నడిచాను.

మోకాళ్ల పర్వతం దగ్గర కాళ్లు వణికాయి గానీ, మనసు వణకలేదు. మీకూ ఈ బాధ ఉంటే దాచుకోకండి, డాక్టరుకి చెప్పండి.