ఉసూర్‌కూ ఒక శనివారం రాత్రి

2023 మార్చి 12న లాస్ ఏంజిలిస్‌లోని డాల్బీ థియేటర్ వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ జంటగా ‘నాటు నాటు’ పాడారు. కాసేపటికి అక్కడే కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. ఆ పాటకు వేదికపై ఆడినవారిలో దక్షిణాసియా మూలాలవారు కనిపించలేదన్న విమర్శ అమెరికాలోనే వచ్చింది. న్యాయమైన విమర్శే. కానీ అది సగం దారిలో ఆగిపోయింది. సినిమాలో ఆ పాటకు ఆడే ఇద్దరిలో ఒకరు కొమురం భీం. గోండు పిల్లను దొరలు ఎత్తుకుపోవడంతో ఆ కథ మొదలవుతుంది. ఆ భీం తాలూకు మనుషులు ఆ పాటను ఎదురుగా నిలబడి వినాలంటే ఎంత దూరం రావాలన్నది ఎవరికీ తోచలేదు.

ఉసూర్ నుంచి ఒక యువకుడు శనివారం హైదరాబాద్‌లో ఈ జంట కచేరీకి బయలుదేరాడనుకుందాం. బస్తర్‌లో, బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకున్న ప్రాంతమది. కోయలు, దోర్లాలు ఉండే చోటు. దోర్లాల మాటలో తెలుగు కలగలిసే ఉంటుంది. ఆవపల్లి, బీజాపూర్, భోపాలపట్నం, గోదావరి వంతెన, ఏటూరునాగారం, ములుగు, వరంగల్. ఈ దారి అక్కడివారికి కొత్తది కాదు. ఏటా మిరప కోతకు వచ్చేది ఈ దారినే. కూలికి వచ్చేవాణ్ణి రోడ్డు గుర్తుపడుతుంది. పాట వినడానికి వచ్చేవాణ్ణి గుర్తుపట్టడం దానికి ఇంకా అలవాటు కాలేదు.

బస్తర్ ప్రజలకు విలాప గీతమో విప్లవ గీతమో తప్ప మరొకటి అక్కరలేదన్నట్టు రాసే అలవాటు పత్రికల్లో చాలాకాలంగా ఉంది. రాజ్యానికీ, దానితో పోరాడేవారికీ ఈ ఒక్క విషయంలో పేచీ లేదు: ఆదివాసీ ఊరికే సంతోషంగా ఉండడానికి వీల్లేదు! ఈ జంటలో రాహుల్ హైదరాబాద్ గల్లీ పాటలతో పేరు తెచ్చుకున్నవాడు. కాలభైరవకు జాతీయ పురస్కారం తెచ్చినది అదే సినిమాలోని ‘కొమురం భీముడో’. ఒకే గొంతు కొరడా దెబ్బల పాటా పాడింది, కాలు దుమ్ము లేపే పాటా పాడింది. ఉసూర్ కుర్రవాడు రెండోదానికే చప్పట్లు కొడతానంటే అది రాజకీయ స్పృహ లేకపోవడం కాదు.

నగరంలో కచేరీ అంటే వేలమంది చీకట్లో గుమిగూడడం. రాత్రి 10 దాటాక మైకు మోగితే పోలీసులు వచ్చి ఆపమంటారు. అంతకుమించి భయం లేదు. ఉసూర్ ప్రాంతంలోనే, బాసగూడ దగ్గర సార్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి జనం గుమిగూడారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని గ్రామస్థులు చెప్పారు. మావోయిస్టుల సమావేశమని భద్రతా దళాలు చెప్పాయి. కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వారిలో మైనర్లూ ఉన్నారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటికి వచ్చింది. ఆ రాత్రి కూడినవారు నేరస్థులు కారని ఒక కాగితం చెప్పడానికి ఏడేళ్లు పట్టింది.

ఇప్పుడు కాలం మారిందంటున్నారు. 2025 ఏప్రిల్ 5న దంతెవాడలో ‘బస్తర్ పండుం’ ముగింపు వేడుకకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చారు. పండుం అంటే పండుగే, తెలుగువారికి అర్థం చెప్పనక్కరలేదు. పక్షం రోజుల్లో, ఏప్రిల్ 21న, ఉసూర్ పక్కనే కర్రెగుట్టల్లో 21 రోజుల ఆపరేషన్ మొదలైంది. 31 మంది మావోయిస్టులు మరణించారని అధికారులు ప్రకటించారు. మంత్రి ముందు ఆడే ఆట మంచిదే. దానికి అనుమతి ముందే ఉంటుంది. ఊరివాళ్లు తమంతట తాము ఒక రాత్రి కూడి ఆడే ఆట సంగతి వేరు.

రోడ్లు ఎన్ని కిలోమీటర్లు, క్యాంపులు ఎన్ని, లొంగుబాట్లు ఎన్ని అన్న పట్టికలు ఢిల్లీకి క్రమం తప్పకుండా చేరుతున్నాయి. ఆ కుర్రవాడి సంగతి ఏ గడిలోనూ రాదు. క్యాంపు దగ్గర బస్సు ఆపి ఎక్కడికని అడుగుతారు. పాట వినడానికి అంటాడు. నమ్ముతారా?