నలుగురము కూడి చదివిన గ్రంథము



ఇంటిపనులు ముగించుకొని ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు ఒకచోట గూర్చుండి పరిశుద్ధ గ్రంథమును చదువుకొనుట మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో క్రొత్త సంగతి కాదు. అట్టి కూడికను మా యింటి వసారాలో ప్రతి గురువారము సాయంకాలమున పెక్కేండ్లుగా నడపుచున్నాను. బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినదానను గావున నలుగురికి బోధించు నలవాటు నాకు గలదు. ఆ యలవాటే నాచేత నొక పెద్ద పొరపాటు చేయించినది. దానిని దాచక మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

మా కూడికకు వచ్చువారిలో నొకతె బి. ఏ. చదివినది, వేరొకతె కూడబలుకుకొని చదువును, ఒక ముసలమ్మకు అక్షరములే రావు. నేనే చదివెడిదానను, నేనే అర్థము చెప్పెడిదానను. వారు తల లూపుచుండిరి. ఆ తల లూపుటయే విశ్వాసాభివృద్ధి యని నేను మురిసిపోతిని.

ఆ ముసలమ్మ కోడలికి పెండ్లియైన ఆరేండ్లకు బిడ్డ కలిగెను. పది మాసములు నిండకమునుపే జ్వరము వచ్చి ఆ పసికందు కన్నుమూసెను. మూడవనాడు నేను గ్రంథమును చంకబెట్టుకొని వారింటికి బోయితిని. ఇది దేవుని చిత్తమనియు, విశ్వాసమునకు పరీక్ష యనియు, దుఃఖింపరాదనియు గంటసేపు చెప్పితిని. ఆ బిడ్డతల్లి యొక్క మాటయు బలుకలేదు. ఓదార్చి వచ్చితినని తృప్తిపడితిని. అది మొదలుకొని ఆమె మా కూడికకు రాలేదు. వీధిలో ఎదురైనను ముఖము త్రిప్పుకొని పోవుచుండెను.

మూడు నెలలు గడచిన పిమ్మట ముసలమ్మ నాతో మెల్లగా ననెను: “పంతులమ్మగారూ, తప్పుగా అనుకోకండి. మీరు వెళ్లినాక పిల్ల రాత్రంతా ఏడ్చిందమ్మా. నన్ను పరీక్ష పెట్టడానికి నా బిడ్డను తీసుకున్నాడా అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి యోబు గ్రంథము తెరచితిని. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మువ్వురు స్నేహితులు యోబు దుఃఖమును విని వచ్చి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలపై మౌనముగా గూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి కారణములు చెప్ప మొదలుపెట్టిన తరువాతనే వారు అతనికి బాధకులైరి. కడపటిదియగు 42వ అధ్యాయమున దేవుడు కోపించినది మొరపెట్టిన యోబుపై గాదు, తన పక్షమున వాదించిన యా స్నేహితులపైననే. ఈ కథను పిల్లల కెన్నిసారులు చెప్పితినో! ఆ మువ్వురి సరసన నేనును గూర్చుంటినని మాత్ర మెన్నడును దోచలేదు.

మరునాడు వట్టిచేతులతో వారింటికి బోయితిని. ఆమె చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుచుండెను. ప్రక్కన గూర్చుండి నేనును ఏరితిని. కొంతసేపటికి, “అమ్మా, ఆనాడు నేను తప్పు మాటలాడితిని, క్షమింపుము” అంటిని. ఆమె కన్నీరు తుడుచుకొనెనే గాని బదులు చెప్పలేదు. నేను లేచి గుమ్మము దాటుచుండగా, “ఏడ్చినవాళ్ల మాటలు గ్రంథంలో ఎక్కడైనా ఉన్నాయా అండీ?” అని యడిగెను.

ఆ గురువారము ఆమె వచ్చెను. కీర్తనల గ్రంథమందలి 150 కీర్తనలలో విలాపములు అనేకములు గలవు. వానిలో 88వది ఓదార్పు లేకయే చీకటిలో ముగియును. దానిని ఆమెయే చదివెను. చదివి, “దేవుడితో ఇలా మాట్లాడవచ్చా?” అనెను. నా నాలుకపై సమాధానము సిద్ధముగా నుండెను, బలవంతమున మ్రింగితిని. అప్పుడు అక్షరము రాని ముసలమ్మ, “ఆ ఏడ్చినవాడు ఆయన దగ్గరకే వెళ్లి ఏడ్చాడు కదే” అనెను. వసారాలో అందరము నిశ్శబ్దముగా నుంటిమి. ఇన్నేండ్ల నా బోధలో నట్టి మాట యొక్కటియు లేదు.

నాటినుండి మా పద్ధతి మారినది. కొద్ది భాగమునే తీసికొని వంతులవారీగా చదువుదుము. కూడబలుకువారిని తొందరపెట్టము. మన తెలుగు బైబిలు భాష గ్రాంథికము గావున, చదివినదానిని ఒకరు ఇంటిమాటలలో మరల చెప్పుదురు. పిమ్మట ఏమి తోచెనో ఒక్కొక్కరే చెప్పుదురు. నా వంతు కడపట వచ్చును.

ఇది నేను కనిపెట్టినది గాదు. ఫిలిప్పు ఐతియొపీయుని రథమెక్కి అతని ప్రక్కన గూర్చుండి, అతడు చదువుచున్న భాగమునుండియే, అతడడిగిన ప్రశ్ననుండియే మొదలుపెట్టెను. ప్రిస్కిల్లయు ఆమె భర్తయు అపొల్లో లోపమును సభలో నెత్తిచూపక, అతనిని చేర్చుకొని వివరించిరి. శ్రీరాంపురమున 1812లో మూడు సువార్తలును, 1818లో క్రొత్త నిబంధనయు తెలుగున అచ్చయిన కాలమున మన స్త్రీలలో చదువ నేర్చినవారు మిక్కిలి యరుదు. ఒకరు చదువగా పలువురు వినుటయే నాటివారికి దిక్కు. నేడు సెల్‌ఫోనే గ్రంథమంతయు చదివి వినిపించును. కాని విన్నదానిని తలపోయుచు ప్రక్కన గూర్చుండుటకు మనిషియే కావలయును.

క్రిందటి వర్షకాలమున నా కంటికి శస్త్రచికిత్స జరిగి కొన్నాళ్లు చదువరాదనిరి. ప్రతి సాయంకాలమును ఆ బిడ్డతల్లియే వచ్చి నాకు చదివి వినిపించెను. ముగించి నాకొరకు ప్రార్థించెను. తన్ను నొప్పించిన స్నేహితులకొరకు యోబు ప్రార్థించెనని ఆ గ్రంథము చివర గలదు. కంటికట్టు క్రింద నా కన్నులు చెమర్చినవి.

సోదరీమణులారా, ఒకరి విశ్వాసమును పెంపొందింపవలెనని మీరును గ్రంథము తెరచినప్పుడు, వారికేమి చెప్పుదునని యెంచుటకు ముందు, వారేమి యడుగుచున్నారో కొంచెము వినుడు.