లోయకు వీపు పెట్టి తీసిన ఫోటోలు

ఇన్‌స్టాలో గండికోట అని కొట్టి చూడండి. వరసబెట్టి ఒకటే సీను. ఎర్రటి రాతి అంచు, దాని మీద కాళ్లు వేలాడేసుకుని ఒక మనిషి, కింద పెన్నా. పైన ‘ఇండియా గ్రాండ్ క్యాన్యన్’ అని క్యాప్షన్. మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగు దాటితే ఓ పదిహేను కిలోమీటర్లే కాబట్టి అట్లాంటివి నా ఫోన్లో కూడా బోలెడున్నాయి. లోయ అంత బాగుంటే జనం తీయరా మరి! కానీ అదే అంచు మీంచి వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తే కోటలో నాలుగంతస్తుల గోపురం ఒకటి నిలబడి ఉంటుంది. మాధవరాయస్వామి గుడి. విజయనగర కాలం నాటి పని.

ఈసారి దానికోసమే వెళ్లాను. పంపింది మా జేజి. ఆమెది జమ్మలమడుగు పక్క పల్లె. పెళ్లికి ముందెప్పుడో ఆ గుడికి పోయిందట. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. “ఆ లోయ ఫోటోలు నాకొద్దు. మాధవరాయుని గుడి తీసుకోని రా” అనింది. పులివెందుల నుంచి మా చిన్నాయన కొడుకు వచ్చి ఉంటే, వాణ్ణి బండి ఎక్కించుకుని తెల్లారకముందే బయల్దేరాను.

గోపురం తూర్పు ముఖం. అంటే పొద్దున్నే ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. కింద రాయి, పైన ఇటుక. ఆ గంటలో రెండూ వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. ఎండ ముదిరాక తీస్తే శిల్పాల కింద నల్లటి నీడలు తప్ప ఏమీ మిగలవు. ఇంకో మాట. గోపురం మొత్తం పట్టాలని దగ్గరగా నిలబడి 0.5 పెట్టేస్తాం కదా, అప్పుడది వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వీలైనంత వెనక్కి పోయి, 2ఎక్స్ పెట్టి, ఫోన్ నిటారుగా పట్టుకుంటే గోపురం గోపురంలాగే ఉంటుంది. లోపల మండపంలో స్తంభాల మధ్య నుంచి వెలుగు పక్కగా వస్తుంది. స్తంభం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కొంచెం తగ్గించండి. చెక్కిన గీత గీతా లేచి నిలబడుతుంది.

ఒక్క స్తంభం దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. కొంచెం కొంచెం జరుగుతూ, ఒక ఫోటోలో ఉన్నదాంట్లో సగం కంటే ఎక్కువ తర్వాతి ఫోటోలోనూ వచ్చేలా చుట్టూ తిరిగి తీశాను. అట్లా తీసినవాటిని సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఒకే బిందువు ఏయే ఫోటోల్లో ఉందో వెతికి, త్రీడీ బొమ్మ కడుతుంది. మా తమ్ముడు మూడుసార్లు “అన్నా, టిఫిన్” అన్నాడు.

పారిస్‌లో నోత్రదామ్ అనే పెద్ద చర్చి ఉంది కదా, 1163లో కట్టడం మొదలుపెట్టింది. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2010లో దాన్ని లోపలా బయటా లేజర్‌తో స్కాన్ చేశాడు. వంద కోట్లకు పైగా బిందువులు. ఆయన 2018లో చనిపోయాడు. 2019 ఏప్రిల్ 15న ఆ చర్చి పైకప్పు కాలిపోయింది. మళ్లీ కట్టేటప్పుడు ఆ స్కాన్లు బాగా అక్కరకొచ్చాయి. 2024 డిసెంబర్‌లో చర్చి తెరిచారు. మన దగ్గర లేజర్ లేదు, ఫోన్ ఉంది. (ట్రైపాడ్, డ్రోన్ అయితే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.)

జామియా మసీదు, ధాన్యాగారం కూడా తీశాను కానీ అప్పటికి ఎండ మాడ్చేస్తోంది. వాటికి ఇంకోసారి పోవాలి.

ఇక గర్భగుడి. ఖాళీ. వజ్రాల వ్యాపారి టావెర్నియే అనే ఫ్రెంచివాడు 1652లో గండికోటకు వచ్చాడు, మీర్ జుమ్లాను కలవడానికి. ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారనీ, గండికోట గుడివి ఆరు మాత్రం ఎంత కాల్చినా కరగలేదనీ, చివరికి ఒక్క ఫిరంగీ తయారవలేదనీ తన పుస్తకంలో రాసుకున్నాడు. ఈ ఖాళీకి అదే కారణమని నేననను. ద్వారబంధం, లోపల చీకటి, గడప మీద కాస్త వెలుగు. ఉన్నది ఉన్నట్టే తీశాను.

సాయంత్రం ఇంట్లో మా తమ్ముడు తన ఫోన్ జేజి చేతిలో పెట్టాడు. అదే గర్భగుడి. కానీ లోపల నిలువెత్తు విగ్రహం, పూలమాలలు, దీపాలు. ఏఐతో చేశాడు. విరిగిన శిల్పాలకు చేతులు కూడా వచ్చేశాయి. జేజి అద్దాలు పెట్టుకుని చూసి, ఫోన్ కళ్లకద్దుకుంది.

వాడు నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. “జేజీ, అది కంప్యూటర్ గీసిన బొమ్మ. ఆడ దేవుడు లేడు” అన్నాను.

“నాకు తెల్దా? మేము పోయినప్పుడూ లేడు. మాయమ్మ గడప కాడ టెంకాయ కొట్టి, లోపలికి సూసి దండం పెట్టుకోమనింది. పెట్టుకున్నా” అనింది జేజి. తర్వాత, “నువ్వు తీసింది యాది, సూపీ” అనింది.

చూపించాను. పెద్దది చెయ్యమంది, చేశాను. విగ్రహం ఉండాల్సిన చోటు చూడలేదు. గడప మీదే వేలు పెట్టి చాలాసేపు చూసింది. “ఈ గడపే” అనింది.

“కడిగించి ఇయ్యి.”

“ఏది జేజీ?”

“రెండూ. దేవుడుండేది పూజలో పెట్టుకుంటా. ఇది నా పెట్టెలో ఉంటాది.”

మర్నాడు రెండూ కడిగించాను. మొదటి దాని వెనక పెన్నుతో ‘ఏఐ చేసిన బొమ్మ’ అని రాశాను. రెండో దాని వెనక గుడి పేరు, తేదీ, తీసిన టైము.