కొత్తరెడ్డిపాలెంలో శనివారం

మాది స్టేషన్ ఘనపూర్. కాకతీయుల మాటొస్తే మావైపు వాళ్లం రామప్ప గురించి చెబుతాం, భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్ల గురించి చెబుతాం, అక్కడితో ఆపేస్తాం. గణపతిదేవుడి ఏలుబడి కృష్ణ దాటి సముద్రం దాకా పోయిందని బడిలో చదువుకున్నదే తప్ప అటువైపు వెళ్లి చూసింది లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రయాణానికి అదొక కారణం. దాని పక్క ఊరు కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారన్నది రెండో కారణం.

తెనాలిలో రైలు దిగి బస్సెక్కాను. చేబ్రోలు నడిచి చూడాల్సిన ఊరు. భీమేశ్వరాలయం దగ్గర బయటపడ్డ శాసనం ఒకటి శాతవాహన రాజు విజయుడి నాటిది, సా.శ. 207 ప్రాంతానిది. కార్తికుడనే అతను సప్తమాతృకల గుడి దగ్గర మండపం కట్టించాడని అందులో ఉంది. దక్షిణాదిలో దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే పాతదని పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది. ఇంకొంచెం నడిస్తే కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి. లింగానికి నాలుగు వైపులా బ్రహ్మ ముఖాలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు.

నాకు కావలసిన మనిషి మాత్రం జాయప. గణపతిదేవుడు దివిసీమ గెలిచినప్పుడు అక్కడి అయ్య వంశపు పిల్లవాడు జాయపను చేరదీసి, పెద్దయ్యాక గజసాహిణిని చేశాడు. అతని తోబుట్టువులు నారాంబను, పేరాంబను పెళ్లాడాడు. ఆ ఏనుగుల సేనానే తర్వాత ‘నృత్తరత్నావళి’ రాశాడు. 1213 నాటి చేబ్రోలు శాసనంలో తన తాతముత్తాతలను వరసబెట్టి చెక్కించుకున్నాడు. మహారాజుకు బావమరిది, శిల్పులు పిలిస్తే పలికేవాళ్లు. వంశవృక్షం రాతికెక్కడానికి ఇంకేం కావాలి?

టీ కొట్టు దగ్గర నా సంచీ చూసి, “ఇజ్రాయెల్ వాళ్లకోసం వచ్చారాండీ?” అని అడిగారు. జాయప కోసం కూడా వచ్చానంటే ఆయన ఎవరన్నట్టు చూశారు. ఎనిమిది వందల ఏళ్ల శాసనం కంటే ముప్పై ఏళ్ల ప్రార్థన మందిరానికే ఈ ఊళ్లో సందర్శకులు ఎక్కువన్నమాట.

యూదులకు మన నేల కొత్తది కాదు. పర్షియా నుంచి వచ్చిన యూదు సంతతి కవి సర్మద్ గోల్కొండ సుల్తానుల కాలంలో హైదరాబాదులో ఉన్నాడు. ‘దబిస్తాన్’ గ్రంథకర్త 1647లో అతన్ని అక్కడే కలిసి, యూదు మతం గురించి అతను చెప్పింది రాసుకున్నాడు. ఆ శతాబ్దంలోనే లండన్ నుంచి మద్రాసు చేరిన పోర్చుగీసు యూదు వర్తకులు గోల్కొండ వజ్రాలు కొనేవారు. వాళ్లలో జాక్ ద పైవా 1687లో పోయాడు, మద్రాసులోనే సమాధి చేశారు.

కొత్తరెడ్డిపాలెం సంగతి వేరు. ఇక్కడ వజ్రాల వర్తకులు లేరు, మాదిగపల్లెలో కూలినాలి చేసుకునే 40, 50 కుటుంబాలున్నాయి. తమను ‘బెనె ఎఫ్రాయిం’, అంటే ఎఫ్రాయిము సంతతి అంటారు. మందిరం ఒక చిన్న కట్టడం, ఆరు కోణాల నక్షత్రంతో. నేను వెళ్లింది శనివారం, వాళ్ల సబ్బాతు. మగవాళ్ల నెత్తిన చిన్న టోపీలు, ఆడవాళ్ల తలల మీద కొంగులు. హీబ్రూ ప్రార్థనలో గుంటూరు యాస స్పష్టంగా వినిపించింది. అది నాకు బాగా నచ్చింది కూడా.

ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన కూర్చోబెట్టి మాట్లాడారు. అసిరియా వాళ్లు ఇజ్రాయెలు ఉత్తర రాజ్యాన్ని కూలగొట్టాక చెదిరిన పది గోత్రాల్లో తమదొకటి అన్నారు. పర్షియా, ఆఫ్ఘనిస్తాన్, టిబెట్, చైనా తిరిగి వెయ్యేళ్ల కిందట దక్షిణానికి వచ్చారట. “మా తాతలు గొడ్డుమాంసం తినేవాళ్లండీ, శవాన్ని కాల్చకుండా పూడ్చేవాళ్లు. అంటరానివాళ్లు గనక అలా చేస్తారనేవాళ్లు ఊళ్లో. కాదండీ, అది మా పూర్వీకుల ఆచారం.” ఈ మాటలో ఒక తిరగేయడం ఉంది. దేన్ని చూపించి ఊరు వాళ్లను వెలి వేసిందో దాన్నే వాళ్లు రుజువుగా నిలబెట్టుకున్నారు.

ఈ ఉద్యమాన్ని నడిపింది షమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అనే అన్నదమ్ములు. షమూయేలు క్రైస్తవ బోధకుడు. 1980ల మొదట్లో యెరూషలేము చూసి వచ్చాక దారి మార్చుకున్నారు. 1990ల మొదట్లో మందిరం వెలిసింది. 2002లో ఆయన తమ వంశచరిత్రను పుస్తకంగా తెచ్చారు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ పల్లెలో ఉండి అధ్యయనం చేసి రాసిన పుస్తకం 2013లో వచ్చింది.

చరిత్రకారుడి కొలబద్దతో చూస్తే ఈ పది గోత్రాల కథకు శాసనం లేదు, నాణెం లేదు, యాత్రికుడి రాత లేదు. నా లెక్కలో ఇది బైబిలు గుండా వచ్చిన కథ. కరవు తర్వాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర బాప్టిస్టు మిషనరీ క్లో ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలే. ఐగుప్తులో వెట్టి చేసి బయటపడ్డ జనం కథ ఆ పల్లెల్లో తరతరాలుగా వినపడింది. విన్నవాళ్లలో కొందరు అది మా కథేననుకోవడంలో వింతేముంది? పెరూ దేశంలో త్రుహీయో, కహమార్క ఊళ్లలోనూ ఇదే జరిగింది. సెగుందో విల్యనువేవా అనే కేథలిక్ బైబిలు చదివి చదివి యూదు ధర్మం వైపు తిరిగాడు. వెంట నడిచిన పేద కుటుంబాలు లాంఛనంగా మతం మారి 1990లో ఇజ్రాయెల్ వెళ్లిపోయాయి.

మావైపు ఇంకోటుంది. డక్కలివాళ్లు మాదిగవాడకు వచ్చి, పటం విప్పి, జాంబ పురాణం చెప్పేవాళ్లు. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవంతుడి సంతతి మీరు అని వాళ్ల ముందు పాడేవాళ్లు. చిందువాళ్లు దాన్నే ఆడేవాళ్లు. అంటే పెద్ద వంశం చెప్పుకోవడం ఈ జనానికి 1980లలో మొదలైంది కాదు. రాయి ఇవ్వని ఊళ్లో వంశం పటం మీద బతికింది, పాటలో బతికింది. ఇప్పుడు తోరాలో వెతుక్కుంటున్నారు. జాయప శాసనాన్ని నమ్మి వీళ్ల కథను మాత్రం నవ్వి కొట్టేసేవాళ్లంటే నాకు కోపం.

ఇజ్రాయెల్ చేరాలన్న ఆశ ఒకటే, చిక్కులు రెండు. మణిపూర్, మిజోరాంలోని మనష్షే సంతతిని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ షలోమో అమార్ గుర్తించారు, వేలమంది వలస వెళ్లారు. ఎఫ్రాయిము సంతతికి అలాంటి గుర్తింపు రాలేదు. ఇక ఇక్కడ, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. కాగితం మీద యూదుడని రాయించుకుంటే పిల్లల చదువుకు, ఉద్యోగానికి ఉన్న రిజర్వేషన్ పోతుంది. మతం మారినా కులం వదలని దేశంలో మారినవాడి హక్కు మాత్రం మాయమవుతుంది. ఈ ఉత్తర్వును సవరించాలని దళిత క్రైస్తవులు ఏళ్లుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరిక, ఈ 50 గడపలకు కూడా అది వర్తించాలి.

వెళ్లేవాళ్లకు ఒక మాట. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్క పొడిచేదాకా అక్కడ కెమెరా తీయొద్దు. “మీరు నిజంగా యూదులేనా?” అని అడగొద్దు, వచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు. పిల్లలు హీబ్రూ అక్షరాలు దిద్దుతుంటే కూర్చుని చూడండి. తెనాలి నుంచీ గుంటూరు నుంచీ చేబ్రోలుకు బస్సులున్నాయి.