షాబియా నుంచి డేరా దుబాయ్ దాకా: సూడాన్ అంతర్యుద్ధం

సూడాన్‌లో ప్రభుత్వ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ (ఆర్ఎస్ఎఫ్) అనే సాయుధ దళానికీ మధ్య 2023 ఏప్రిల్ 15న అంతర్యుద్ధం మొదలైంది. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఇల్లూ ఊరూ విడిచిపోయారు. పోరు మొదట సాగింది నైలు తీరంలో, డార్ఫుర్ ఎడారిలో. దాన్ని నడిపించే డబ్బు జాడ మాత్రం గల్ఫ్‌లోనూ కనిపిస్తుంది. అబుదాబి శివారులోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ నుంచి డేరా దుబాయ్ బంగారు బజారుకు నేను చేసిన ప్రయాణం ఆ జాడ వెంటే సాగింది.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ ముసఫ్ఫా పారిశ్రామిక వాడను ఆనుకొని ఉంది. ఒక వైపు ఎమిరాతీల విల్లాలు, మరో వైపు షాబియా అని పిలిచే అపార్ట్‌మెంట్ల వరసలు. వర్క్‌షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే మలయాళీలు, తెలుగువాళ్లు, పాకిస్తానీలు, సూడానీయులు ఈ ప్రాంతంలో పక్కపక్కనే బతుకుతారు. యూఏఈ నిర్మాణంలో సూడానీయుల పాత్ర పాతది, పెద్దది. 1961లో దుబాయ్ మునిసిపాలిటీ బాధ్యతలు చేపట్టి రెండు దశాబ్దాలకు పైగా నడిపిన కమల్ హంజా సూడాన్ నుంచి వచ్చినవారే. అంత చదువు, అంత పాలనానుభవం ఉన్న సూడాన్ ఇలా చీలిపోవడానికి కారణాలు స్వాతంత్ర్యానికి ముందే ఉన్నాయి.

బ్రిటిష్ పాలనలో అధికారం, బడులు, రైలు మార్గాలు ఎక్కువగా ఖార్తూమ్ చుట్టుపక్కల నైలు లోయలో పోగుపడ్డాయి. దక్షిణం, పడమటనున్న డార్ఫుర్ వెనకబడిపోయాయి. 1953లో జరిగిన తొలి పార్లమెంటు ఎన్నికలను పర్యవేక్షించిన కమిషన్‌కు మన సుకుమార్ సేన్ అధ్యక్షత వహించారు. భారత తొలి సార్వత్రిక ఎన్నికలు నడిపినది కూడా ఆయనే. వెనకబడిన ప్రాంతాలకు ఓటు వచ్చింది గానీ అధికారంలో వాటా రాలేదు. 1956 జనవరి 1న స్వాతంత్ర్యం రాకముందే, 1955లో, దక్షిణాది సైనికులు తిరగబడ్డారు. ఆ మొదటి యుద్ధం 1972 దాకా సాగింది. 1983లో అధ్యక్షుడు నిమైరీ దేశమంతటా షరియా చట్టం ప్రకటించిన ఏడాదే జాన్ గరాంగ్ నాయకత్వంలో రెండోది మొదలై 2005 ఒప్పందంతో ముగిసింది. 2011 జులై 9న దక్షిణ సూడాన్ విడిపోతూ చమురులో సుమారు ముప్పావు వంతు తనతో తీసుకుపోయింది.

నేటి యుద్ధానికి సూటి కారణం మాత్రం డార్ఫుర్‌లో పుట్టింది. 2003లో అక్కడి తిరుగుబాటుదారుల మీదికి అధ్యక్షుడు బషీర్ తన సైన్యం ఒక్కదాన్నే పంపలేదు. జంజవీద్ అనే అరబ్ గుర్రపు దండులకు ఆయుధాలిచ్చి ఊళ్ల మీదికి వదిలాడు. ఐక్యరాజ్య సమితి అంచనాలో సుమారు మూడు లక్షల మంది చనిపోయారు. ఆ దండులనే 2013లో ఆర్ఎస్ఎఫ్‌గా కూర్చి, 2017లో చట్టబద్ధం చేశారు. ఒంటెల వ్యాపారం నుంచి వచ్చిన మహమ్మద్ హమ్దాన్ దగాలో, అందరూ పిలిచే పేరు హెమెత్తి, దానికి అధిపతి. తన ప్రజలను చంపే పనిని ప్రభుత్వం బయటివాళ్లకు అప్పగించింది. ఆ బయటివాళ్లే చివరికి రెండో సైన్యమయ్యారు. ఈ విధ్వంసానికి మూలం తెగల పాత పగ కంటే ఎక్కువగా ఆ నిర్ణయమే.

ఆ రెండో సైన్యాన్ని పోషించిన డబ్బు జాడ దుబాయ్ వైపు సాగుతుంది. షాబియా నుంచి బస్సు ఈ11 రహదారి మీద ఘంతూత్ దాటి, జెబెల్ అలీ రేవు పక్కగా దుబాయ్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి మెట్రోలో డేరా చేరవచ్చు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చినవారు ఊరికి వెళ్లేముందు గాజులు, గొలుసులు కొనే బజారు ఇది. దుబాయ్ ప్రపంచ బంగారు వ్యాపారానికి పెద్ద కూడలి. చమురులో ఎక్కువ భాగం పోయాక సూడాన్‌కు మిగిలిన ప్రధాన ఆధారం బంగారం. 2012లో ఉత్తర డార్ఫుర్‌లోని జెబెల్ ఆమిర్‌లో నిక్షేపాలు బయటపడ్డాయి; 2017లో హెమెత్తి వాటిని చేజిక్కించుకున్నాడు. సూడాన్ బంగారం అధికారికంగానూ దొంగదారినీ ఎక్కువగా యూఏఈకే చేరుతుంది. సైన్యం చేతిలోని గనుల బంగారం కూడా ఇటే వస్తుంది. ఒకసారి కరిగాక ఏ గ్రాము ఏ గనిదో ఎవరూ చెప్పలేరు. షాపుల అద్దాల ముందు నిలబడినప్పుడు ఆ సంగతే నన్ను వదల్లేదు.

2025 జనవరి 7న అమెరికా హెమెత్తి మీదా, యూఏఈలో ఉన్న ఏడు ఆర్ఎస్ఎఫ్ కంపెనీల మీదా ఆంక్షలు విధించి, డార్ఫుర్‌లో జరిగింది జాతిహననమని ప్రకటించింది. వారం తిరగ్గానే సైన్యాధిపతి బుర్హాన్ మీదా ఆంక్షలు వచ్చాయి. ఆర్ఎస్ఎఫ్‌కు యూఏఈ ఆయుధాలిస్తోందన్న ఆరోపణలు నమ్మదగినవని ఐక్యరాజ్య సమితి నిపుణులు 2024లో నివేదించారు. యూఏఈ వాటిని పూర్తిగా ఖండిస్తోంది. సూడాన్ వేసిన కేసును అంతర్జాతీయ న్యాయస్థానం తన పరిధిలోకి రాదంటూ 2025 మే 5న కొట్టేసింది. ఆరోపణల నిజానిజాల జోలికి వెళ్లలేదు.

ఇప్పుడు పోరాడుతున్న ఈ రెండు పక్షాలూ ఒకప్పుడు కలిసే నడిచాయి. 2019 ఏప్రిల్‌లో జనం వీధుల్లోకి వచ్చి బషీర్‌ను దించినప్పుడు సైన్యం, ఆర్ఎస్ఎఫ్ రెండూ కలిసి అతన్ని వదిలేశాయి. 2021 అక్టోబర్ 25న అవే కలిసి పౌర ప్రధాని హమ్‌దోక్ ప్రభుత్వాన్ని కూల్చాయి. చెడింది ఆర్ఎస్ఎఫ్‌ను సైన్యంలో ఎప్పుడు కలపాలన్న దగ్గర: రెండేళ్లలో అన్నారు సైనికాధికారులు, పదేళ్లు కావాలన్నాడు హెమెత్తి. 2023 రంజాన్ చివరి రోజుల్లో ఖార్తూమ్‌లో ఫిరంగులు పేలాయి.

భారత ప్రభుత్వం 'ఆపరేషన్ కావేరి' పేరుతో 3,800 మందికి పైగా తన పౌరులను అక్కడి నుంచి తరలించింది. ఐఎన్ఎస్ సుమేధ 278 మందితో పోర్ట్ సూడాన్ నుంచి జెద్దా చేరింది. సూడానీయులకు అలాంటి ఓడ రాలేదు. 2023 జూన్‌లో డార్ఫుర్‌లోని ఎల్ జెనైనాలో మసలీత్ తెగ ప్రజల ఊచకోత, డిసెంబర్‌లో ఆర్ఎస్ఎఫ్ చేతికి వద్ మదనీ నగరం. 2024 ఆగస్టులో డార్ఫుర్‌లోని జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో కరువు నిర్ధారణ. 2025లో గాలి ఆర్ఎస్ఎఫ్‌కు ఎదురు తిరిగింది. సైన్యం జనవరిలో వద్ మదనీని, మార్చి 21న ఖార్తూమ్ అధ్యక్ష భవనాన్ని తిరిగి పట్టుకుంది. డార్ఫుర్‌లో మాత్రం ఏడాదిన్నరగా ముట్టడిలో ఉన్న ఎల్ ఫాషెర్ నగరం అక్టోబర్ 26న ఆర్ఎస్ఎఫ్ వశమైంది. ఆసుపత్రిలోని రోగులను సైతం చంపారన్న వార్తలు వచ్చాయి. బతికినవారు తవీలా పట్టణం వైపు నడిచారు.

ఆ తర్వాత పోరు డార్ఫుర్‌కు తూర్పున ఉన్న కోర్దోఫాన్‌కు జరిగింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆర్ఎస్ఎఫ్ హెగ్లిగ్ చమురు క్షేత్రాన్ని ఆక్రమించింది. దాన్ని నడిపిన గ్రేటర్ నైల్ సంస్థలో 2003 నుంచి ఓఎన్‌జీసీ విదేశ్‌కు 25 శాతం వాటా ఉండేది. దక్షిణ సూడాన్ చమురు పోర్ట్ సూడాన్‌కు వెళ్లే పైప్‌లైన్ కూడా అక్కడి మీదుగానే పోతుంది. రెండు దేశాల ఆదాయమూ దాని మీద ఆధారపడి ఉంది.