ముందు చక్రం

మే నెలలో ఒక సాయంత్రం, పులిగడ్డ-పెనుమూడి వారధి మీద నా సైకిల్ ఒక అడుగు పక్కకి జరిగింది. నేను జరపలేదు.

చల్లపల్లి వచ్చినప్పుడల్లా మోపిదేవి మీదుగా వారధి దాటి, రేపల్లె వైపు కాస్త పోయి తిరిగి రావడం నాకు అలవాటు. ఆ రోజు కొత్త చక్రాలు. కార్బన్‌వి, సెకండ్‌హ్యాండ్, రిమ్ము లోతు 60 మిల్లీమీటర్లు. తిరిగొస్తుంటే సముద్రపు గాలి కుడి నుంచి కొడుతోంది. దానికి సరిపడా కుడికి వాలి తొక్కుతున్నా. ఇంతలో ఒక లారీ నన్ను దాటింది. అది పక్కన ఉన్నంతసేపూ గాలి లేదు, నేను లారీ వైపుకి వాలిపోయాను. అది వెళ్ళిపోగానే ఆగిన గాలంతా ఒక్కసారిగా వచ్చి ముందు చక్రాన్ని పిట్టగోడ వైపుకి తిప్పేసింది. కింద కృష్ణ. దిగి, వారధి చివరిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

ఇవే చక్రాలు హైదరాబాద్‌లో, నార్సింగి దగ్గర సోలార్ కప్పు కింద ఉండే 23 కిలోమీటర్ల ట్రాక్ మీద, ప్రాణం లేచొచ్చేలా పరిగెత్తాయి. రివ్యూలన్నీ చదివే కొన్నాను. (చక్రాల రివ్యూలు మన పుస్తక సమీక్షల్లాంటివే, అన్నీ అద్భుతాలే.) లోతైన రిమ్ము గాలిని చీల్చుకుపోతుందన్నది నిజమే. గాలి ముందు నుంచో, కొద్దిగా వారగానో వచ్చినప్పుడు. నేను గంటకి 30 కిలోమీటర్లతో పోతుంటే పక్క నుంచి 15తో వీచిందనుకోండి, నాకు తగిలేది దాదాపు 27 డిగ్రీల వారగా. అక్కడికొచ్చేసరికి లోతైన రిమ్ము చక్రం కాదు, తెరచాప. పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. సగటు గాలి చూసి చక్రం కొన్నవాణ్ణి పడేసేది సగటు గాలి కాదు, ఆ ఒక్క విసురు.

2015 గెంట్-వెవెల్‌గెమ్ రేసులో గెరైంట్ థామస్‌ని గాలి రోడ్డు పక్క గడ్డిలోకి విసిరేసింది. ఆయన లేచి మూడో స్థానంలో వచ్చాడు, తర్వాత 2018లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. అలాంటివాణ్ణే తోసేసిన గాలికి 62 కిలోల నేనెంత?

ఇంట్లో ఏమీ చెప్పలేదు. అయినా నాన్న కనిపెట్టేశాడు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 18 ఏళ్ళు. దాని గురించి పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. గాలి పెరిగితే మాత్రం మాట ఆపి వింటాడు.

"ఏరా, రెండు చక్రాలూ ఒకేలా ఉన్నాయేంటి?" అన్నాడు, నా సైకిల్ చుట్టూ తిరిగి.

"ఒకేలాగే ఉంటాయి నాన్నా."

"నా సైకిల్‌కి ముందు 32 స్పోకులు, వెనక 40. బరువు పడేది వెనక. తిరిగేది ముందు."

నిజంగా పాత సైకిళ్ళన్నీ అంతే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇంజనీరింగ్ చదివింది నేను. వెనక చక్రం ఫ్రేములో బిగించి ఉంటుంది, గాలి దాన్ని తోసినా హ్యాండిల్ తిప్పలేదు. ముందుది అలా కాదు. ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలు జరిగే హవాయిలోని కోనాలో పూర్తి డిస్క్ చక్రాలకి ఏళ్ళ తరబడి అనుమతి లేదు, అక్కడి గాలికి భయపడే. మిగతా చోట్ల వెనక డిస్కు, ముందు స్పోకులు వేసుకుని పోతూనే ఉంటారు.

జూన్‌లో మావాళ్ళు కరకట్ట మీద 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెట్టుకున్నారు. అటకమీంచి పాత అల్యూమినియం చక్రం దింపి ముందు వేశాను, 30 మిల్లీమీటర్లది. వెనక 60 అలాగే ఉంచాను. చూడ్డానికి ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. వేగం లెక్కలో కొంత పోతుందని తెలుసు. కానీ గాలికి జడిసి, వంగి తొక్కడం మానేసి, నిటారుగా కూర్చుని బ్రేకులు పట్టుకుంటే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ. ఈ లెక్క ఏ టేబుల్లోనూ ఉండదు, విండ్ టన్నెల్లో ఎవరూ భయపడరు కాబట్టి.

తీరా ఆ ఉదయం కరకట్ట మీద ఆకు కదల్లేదు. రెండూ లోతైనవే వేసుకున్న ఒకడు నాకన్నా 50 సెకన్లు ముందొచ్చాడు. వాడు నాకన్నా గట్టివాడే. అయినా అందులో చక్రానివెన్ని, కాళ్ళవెన్ని అని లెక్కేసుకుంటూనే ఇల్లు చేరాను. నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, గాలి లేకపోయినా.